సీపాప్ మెషీన్‌లో మీకు సరిపోయే ప్రెషర్ ఎలా కనుక్కోవాలి: సమగ్ర మార్గదర్శి

"మెషీన్ కొన్నాం. ప్రెషర్ ఎంత పెట్టుకోవాలి?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుండే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉన్నవాళ్లకు రాత్రంతా మాస్క్‌లోంచి గాలి తోసే మెషీనే ఈ సీపాప్. కావలి నుంచి ఒకరు, కందుకూరు నుంచి ఒకరు, మొన్న చీమకుర్తి నుంచి ఒక లారీ డ్రైవర్ భార్య. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే అంతా ఒక వరసలో రాసిపెడితే మేలనిపించింది.

నేను డాక్టర్ని కాను. మా ఆయన అల్లూరు వైపు రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఆరేళ్లుగా సీపాప్ పెట్టుకునే పడుకుంటున్నారు. అయితే మొదటి రెండు నెలలూ ఆ మెషీన్ మంచం కిందే ఉంది. తెచ్చిచ్చిన కుర్రాడు 4 నుంచి 20 అని పెట్టి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఈయన రెండు రాత్రులు పెట్టుకుని, ఊపిరాడటం లేదని పీకి పడేశారు. తర్వాత మా ఛాతీ డాక్టర్ ఓపిగ్గా నేర్పింది, నేను రోజూ నోటుబుక్కులో రాసుకుంది కలిపితే ఈ వ్యాసం.

ప్రెషర్ నంబరు కూడా మందు చీటీ లాంటిదే, డాక్టర్ రాయాల్సిందే. మనం చేయగలిగింది, ఆయన సరిగ్గా రాయడానికి కావలసిన వివరాలు ఇంట్లోంచి పట్టుకెళ్లడం. ఆ పని ఎలా చేయాలో కిందుంది.

## 1. ముందు ఈ నంబరంటే ఏమిటో చూడండి

కొబ్బరి నీళ్లు తాగే స్ట్రా ఒకటి తీసుకోండి. సీసా నిండా నీళ్లు పోసి, స్ట్రా కొన 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి మెల్లగా ఊదండి. బుడగ బయటికి రావడానికి ఎంత బలం పట్టిందో అదే 10 ప్రెషర్. స్ట్రాను 5 సెంటీమీటర్లకు లేపి మళ్లీ ఊదండి, అది 5. మెషీన్ తెర మీద కనిపించేది ఈ నీటి ఎత్తే. బీపీతో దీనికి సంబంధం లేదు. మామూలు సీపాప్ 4 నుంచి 20 దాకా ఇస్తుంది.

నిద్రలో గొంతు వెనక కండ వదులై దారి మూసుకుపోతుంది. దాన్ని తెరిచి ఉంచడమే ఈ గాలి పని. ప్రెషర్ చాలకపోతే గొంతు మూసుకుంటుంది. ఎక్కువైతే గాలి కడుపులోకి పోతుంది, మాస్క్ అంచుల్లోంచి ఈలవేస్తుంది, మనిషికి మెలకువ వస్తుంది. కాబట్టి మనం వెతికేది అతి పెద్ద నంబరు కాదు. వెల్లకిలా పడుకున్నప్పుడూ, కలలు వచ్చే నిద్రలోనూ గొంతు మూసుకోకుండా కాపాడే అతి చిన్న నంబరు.

కలల నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. రాత్రి 11 గంటలకు సరిపోయిన ప్రెషర్ 4 గంటలకు చాలకపోవడం అందుకే.

ఇంకో నంబరు ఏహెచ్ఐ. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగిపోవడమో (ఆప్నియా), బాగా తగ్గిపోవడమో (హైపాప్నియా) గంటకు ఎన్నిసార్లు జరిగిందనే లెక్క ఇది. 5 లోపు ఉంటే మామూలు. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మెషీన్ పెట్టుకున్నాక ఇది 5 లోపుకు రావాలి.

## 2. ఇంట్లో ప్రెషర్ ముట్టుకోకూడనివాళ్లు

కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా సెట్టింగు జోలికి వెళ్లొద్దు. డాక్టర్ ఎదుట, వీలైతే ల్యాబులో పడుకోబెట్టి చూడాల్సిందే.

- గుండె వైఫల్యం ఉందని చెప్పినవాళ్లు, గుండె పంపింగ్ తగ్గినవాళ్లు
- సీవోపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నవాళ్లు
- పక్షవాతం వచ్చినవాళ్లు, కండరాల జబ్బులు ఉన్నవాళ్లు
- నొప్పికి మార్ఫిన్, ట్రమడాల్ లాంటి మందులు వాడేవాళ్లు
- బరువు బాగా ఎక్కువై పగటిపూట కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినవాళ్లు
- రిపోర్టులో సెంట్రల్ ఆప్నియా ఎక్కువగా ఉన్నవాళ్లు
- గర్భిణులు, పిల్లలు

సెంట్రల్ అంటే గొంతు మూసుకుపోవడం కాదు, ఊపిరి తీయమని మెదడు నుంచి సంకేతం రాకపోవడం. మామూలు సీపాప్‌లో ప్రెషర్ పెంచితే అది తగ్గదు. కొందరిలో పెరుగుతుంది కూడా.

## 3. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

స్లీప్ టెస్ట్ రిపోర్టు. చాలామంది మొదటి పేజీలో "సివియర్" అన్న మాట చూసి భయపడి, మిగతాది బీరువాలో పెట్టేస్తారు. రెండో పేజీ తీయండి. మొత్తం ఏహెచ్ఐ ఎంత? వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత? అబ్‌స్ట్రక్టివ్ (గొంతు మూసుకుపోయి ఆగినవి) ఎన్ని, సెంట్రల్ ఎన్ని? ఆక్సిజన్ ఎంత కిందికి దిగింది? ఈ సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి.

మెషీన్ రకం. ఫిక్స్‌డ్ సీపాప్ రాత్రంతా ఒకటే ప్రెషర్ ఇస్తుంది. ఆటో సీపాప్ మనం పెట్టిన కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతుంది. బైపాప్‌లో ఊపిరి తీసేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు ఇంకొకటి. ఈ వ్యాసం మొదటి రెండింటికే. బైపాప్ ఉన్నవాళ్లు డాక్టర్‌నే అడగండి.

మెమరీ కార్డు. రాత్రి జరిగిందంతా ఈ కార్డులోకి ఎక్కుతుంది. కొత్త మెషీన్ కొనేటప్పుడు కార్డు ఉందో లేదో అడిగి తీసుకోండి. కంప్యూటర్ వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ కార్డు పెట్టి గ్రాఫులు చూడొచ్చు.

పాత మెషీన్ కొంటుంటే మోడల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ సహా పలు మోడళ్లను లోపలి నురగ పొర విరిగి పొడి అవుతోందన్న కారణంతో వెనక్కి పిలిచింది. అలాంటిది చవగ్గా వస్తోందని తీసుకోవద్దు.

ఒక నోటుబుక్కు. రోజుకో వరస చాలు. నిద్రపోయిన గంటలు, ఏహెచ్ఐ, లీకు, ప్రెషర్, పొద్దున లేచాక ఎలా ఉంది. చివరి గడి మాత్రం మెషీన్ వాడే మనిషి సొంత మాటల్లో రాయాలి. మా ఆయన మొదటి వారమంతా "తల బరువు" అని రాశారు. ఆ రెండు మాటలే డాక్టర్‌కి ఎంతో పనికొచ్చాయి.

## 4. మొదట లీకు సరిచేయండి, నంబరు సంగతి ఆ తర్వాత

ఈ భాగం దాటేసి ప్రెషర్ దగ్గరికి వెళ్లకండి. నాకు ఫోన్ చేసినవాళ్లలో సగం మందికి ప్రెషర్ తప్పు కాదు, మాస్క్ తప్పు. మాస్క్ లీకైతే గొంతుకు అందాల్సిన గాలి అందదు, మెషీన్ వేసే లెక్క కూడా తప్పుతుంది. ఆ తప్పు లెక్క చూసి ప్రెషర్ పెంచితే మాస్క్ ఇంకా లేస్తుంది, లీకు ఇంకా పెరుగుతుంది.

లీకు ఎంతుంటే ఎక్కువ? రెస్‌మెడ్ మెషీన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. కొన్ని కంపెనీల మెషీన్లు మాస్క్ రంధ్రాల్లోంచి సహజంగా పోయే గాలిని కూడా కలిపి చూపిస్తాయి, అందుకే వాటిలో నంబరు పెద్దగా కనిపిస్తుంది. మీ మెషీన్ ఏ లెక్క చూపిస్తుందో అమ్మినవాళ్లని అడగండి.

మాస్క్ పెట్టుకునే వరస ఇది:

1. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడిగి తుడుచుకోండి. తలకు రాసుకున్న కొబ్బరినూనె నుదుటి మీదికి జారితే మాస్క్ సిలికాన్ అంచు నిలవదు. తలకు నూనె పొద్దున పెట్టుకోవడం మంచిది.
2. కూర్చుని కాదు, పడుకుని పట్టీలు బిగించండి. పడుకుంటే బుగ్గలు పక్కకు జారి ముఖం ఆకారం మారిపోతుంది.
3. మెషీన్ ఆన్ చేసి, గాలి వచ్చేటప్పుడు మాస్క్‌ను ఒకసారి ముందుకు లాగి వదలండి. మాస్క్ అంచున ఉండే మెత్త (కుషన్) గాలి నింపుకుని సర్దుకుంటుంది.
4. కుడికీ ఎడమకీ తిరిగి చూడండి. ఈల వినిపించే వైపు పట్టీ మాత్రమే కొంచెం బిగించండి.
5. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పొద్దున ముక్కు మీద ఎర్రటి గీత ఉంటే ఎక్కువ బిగించారని అర్థం.

ఎవరికి ఏ మాస్క్? ముక్కుతో బాగా ఊపిరి తీసేవాళ్లకు ముక్కు మాస్క్ తేలిక, లీకు తక్కువ. నోరు తెరిచి నిద్రపోయేవాళ్లకు ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్. గుబురు మీసం, గడ్డం ఉన్నవాళ్లకు ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే పిల్లో మాస్క్ పనికొస్తుంది. పళ్ల సెట్టు ఉన్నవాళ్లు రాత్రి అది తీసేశాకే మాస్క్ కొలత చూసుకోవాలి, ఎందుకంటే సెట్టు తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఒక రాత్రి 3 గంటలకు సన్నగా ఈల వినిపించి లేచాను. మా ఆయన నోరు తెరుచుకుని ఉంది, ముక్కు మాస్క్‌లోంచి వెళ్లిన గాలి నోట్లోంచి బయటికి వచ్చేస్తోంది. తెర మీద ప్రెషర్ 15.8. అరచేయి ఆయన పెదాల ముందు పెడితే చల్లగా తగిలింది. మెషీన్ పెంచుతూ పోతోంది, ఇటు గాలి కారిపోతూనే ఉంది. మర్నాడు ఫుల్ ఫేస్ మాస్క్ తెప్పించాం. ప్రెషర్ సెట్టింగు అలాగే ఉంచాం. అయినా ఆ వారం ఏహెచ్ఐ 11.4 నుంచి 7.1కి దిగింది.

ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు వాడండి. మూసుకుపోయిన ముక్కులోకి ఎంత ప్రెషర్ తోసినా మనిషి నోరే తెరుస్తాడు.

## 5. దిండు చూడండి

చాలామంది పట్టించుకోని సంగతి ఇది. రెండు దిండ్లు ఎత్తుగా వేసుకుంటే గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతు మడత పడుతుంది. ట్యూబు మడత పడితే నీళ్లు ఎంత జోరుగా వదిలినా రావు కదా, అదే సంగతి ఇక్కడా. గ్రాఫులో గంటసేపు వరసగా ఆప్నియాలు గుంపుగా కనిపించి, మిగతా రాత్రంతా ఖాళీగా ఉంటే ముందు దిండును అనుమానించండి. పలుచటి దిండు ఒక్కటి వేసుకుని మూడు రాత్రులు చూడండి. చాలామందికి పక్కకు తిరిగి పడుకుంటే కావలసిన ప్రెషర్ కూడా తగ్గుతుంది.

## 6. మొదటి ప్రెషర్ ఎవరు, ఎలా పెడతారు

రెండు దారులున్నాయి.

ఒకటి ల్యాబులో పడుకోవడం. తలకూ ఛాతీకీ వైర్లు పెట్టి, టెక్నీషియన్ పక్క గదిలో కూర్చుని చూస్తాడు. అమెరికన్ నిద్ర వైద్యుల సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 4 దగ్గర మొదలుపెట్టి, కనీసం 5 నిమిషాలు ఆగుతూ, ఒక్కో మెట్టుకు కనీసం 1 చొప్పున పెంచుతారు. వెల్లకిలా పడుకుని, కలల నిద్రలో ఉన్నప్పుడు కూడా గొంతు మూసుకోకపోతే ఆ నంబరు రాసిస్తారు. రెండో విభాగంలో చెప్పినవాళ్లకు ఈ దారే సరి. దగ్గర్లో ఈ సదుపాయం లేకపోతే నెల్లూరు వైపువాళ్లకు చెన్నై, ఒంగోలు వైపువాళ్లకు విజయవాడ దగ్గర.

రెండోది ఇంట్లోనే ఆటో మెషీన్‌తో చూడటం. డాక్టర్ కనిష్ఠం, గరిష్ఠం రాసిస్తారు. వారం నుంచి రెండు వారాలు వాడి, కార్డు తీసుకెళ్లాలి. వేరే జబ్బులేమీ లేని మామూలు అబ్‌స్ట్రక్టివ్ ఆప్నియాకు ఇది చాలు. కొన్ని షాపులు మెషీన్ అద్దెకిస్తాయి, కొనే ముందు అడగండి.

4 నుంచి 20 అని బార్లా తెరిచి పెట్టడం చూడ్డానికి సౌకర్యంగా ఉంటుంది, మెషీనే చూసుకుంటుందిలే అనిపిస్తుంది. కానీ పెద్దవాళ్లలో చాలామందికి 4 దగ్గర గాలి చాలదు, ఉక్కిరిబిక్కిరి అవుతారు. పైగా గొంతు మూసుకోవడం మొదలయ్యాకే కదా మెషీన్ పెంచుతుంది. 4 నుంచి 11కి ఎక్కేలోపు నాలుగైదు ఆప్నియాలు జరిగిపోతాయి. మా ఆయన "ఊపిరాడటం లేదు" అన్నది అబద్ధం కాదు, ఆ 4 వల్లే.

## 7. వారం తర్వాత తెర మీద ఏం చదవాలి

ఒక్క రాత్రి నంబరు చూసి ఏదీ తేల్చొద్దు. పెళ్లిలో తిని పడుకున్న రాత్రి, జలుబు రాత్రి, చెరువు గట్టు మీద ఏరేటర్లు చూడటానికి నాలుగుసార్లు లేచిన రాత్రి, ఇవేవీ లెక్కలోకి రావు. ఏడు రాత్రుల సగటు చూడండి.

ఈ వరసలోనే చూడండి:

- గంటలు. రాత్రికి 4 గంటలకన్నా తక్కువ వాడితే ఆ లెక్క నమ్మదగ్గది కాదు.
- లీకు. ఎక్కువ ఉంటే ఇక్కడే ఆగి 4వ విభాగానికి వెనక్కి వెళ్లండి.
- ఏహెచ్ఐ. మొత్తం ఎంత, అందులో అబ్‌స్ట్రక్టివ్ ఎంత, సెంట్రల్ ఎంత, హైపాప్నియా ఎంత.
- 95 శాతం ప్రెషర్. రాత్రిలో నూటికి 95 వంతుల సమయం మెషీన్ ఈ నంబరు దగ్గరో అంతకన్నా కిందో ఉంది అని అర్థం. రెస్‌మెడ్ 95 శాతం చూపిస్తే ఫిలిప్స్ 90 శాతం చూపిస్తుంది.
- మధ్యస్థ ప్రెషర్. సగం రాత్రి దీనికి పైన, సగం రాత్రి దీనికి కింద.

మీరు మెలకువగా ఉన్నారా, నిద్రలో ఉన్నారా అన్నది మెషీన్‌కు తెలియదు. నిద్ర పట్టక దొర్లుతున్నప్పుడు ఊపిరి బిగబట్టినా ఆప్నియా కిందే రాస్తుంది. ల్యాబ్ రిపోర్టుతో పోల్చి "ఇంకా 4 ఉందే" అని టెన్షన్ పడకండి.

## 8. ప్రెషర్ సర్దే వరస

ఇక్కడి నుంచి ప్రతి మార్పూ డాక్టర్‌కి ఫోన్‌లోనైనా చెప్పి, సరే అన్నాకే చేయండి. మా డాక్టర్ నేర్పిన సూత్రం ఇది: ఒకసారి ఒక్కటే మార్చు, కొంచెమే మార్చు, వారం ఆగు.

మొదట కనిష్ఠం. ఏహెచ్ఐ ఇంకా 5 పైన ఉండి, మిగిలినవి అబ్‌స్ట్రక్టివ్, హైపాప్నియా అయితే కనిష్ఠం 1 పెంచండి. వారం చూడండి. ఇంకా తగ్గకపోతే ఇంకో 1. సాధారణంగా మధ్యస్థ ప్రెషర్‌కు దగ్గరగా, 95 శాతం నంబరుకు రెండు మూడు తక్కువగా కనిష్ఠం కుదురుకుంటుంది.

తర్వాత గరిష్ఠం. 95 శాతం నంబరు, మీరు పెట్టిన గరిష్ఠం రెండూ ఒకటే అయితే మెషీన్ తల పైకప్పుకు తగులుతోందని అర్థం. గరిష్ఠం 1 లేదా 2 పెంచాలి. గరిష్ఠం 20 ఉండి, మెషీన్ ఎప్పుడూ 12 దాటకపోతే, 14 దగ్గర ఆపేయొచ్చు. లీకు వచ్చిన రాత్రి మెషీన్ అనవసరంగా ఎగబాకకుండా అది కాపాడుతుంది.

ఆపాల్సిన చోటు. ఏహెచ్ఐ 5 లోపు, లీకు అదుపులో, పొద్దున లేచాక తల తేలిగ్గా, పగలు నిద్ర ముంచుకురాకుండా ఉంటే అక్కడే ఆగండి. 2.3ని 0.5 చేయాలని ప్రెషర్ పెంచుకుంటూ పోవద్దు.

నా నోటుబుక్కులోంచి ఆ నెల లెక్క ఇది:

- మొదటి వారం: 4–20, ముక్కు మాస్క్. లీకు 38, ఏహెచ్ఐ 11.4, 95 శాతం ప్రెషర్ 15.8. "తల బరువు."
- రెండో వారం: 4–20, ఫుల్ ఫేస్ మాస్క్. లీకు 9, ఏహెచ్ఐ 7.1, 95 శాతం 11.4. "పడుకునేటప్పుడు ఊపిరాడలా."
- మూడో వారం: 7–14. లీకు 8, ఏహెచ్ఐ 4.6, 95 శాతం 11.2. "పర్లేదు."
- నాలుగో వారం: 8–14. లీకు 10, ఏహెచ్ఐ 2.3, 95 శాతం 11. "చెరువు కాడ కుర్చీలో నిద్ర రాలేదు."

రెండో వారం నుంచి మూడో వారానికి కనిష్ఠం ఒకేసారి 3 పెంచారు, గరిష్ఠం కూడా అప్పుడే తగ్గించారు. ఆ నిర్ణయం కార్డు చూసి డాక్టర్ తీసుకున్నారు. మనం ఇంట్లో అలా దూకకూడదు. ఇంకో సంగతి, ఈ 8–14 మా ఆయన నంబరు. మీది 6 కావచ్చు, 13 కావచ్చు. పక్కింటివాళ్ల నంబరు పెట్టుకోవడమంటే వాళ్ల కళ్లజోడు పెట్టుకోవడమే.

ఆటో ఉంచాలా, ఫిక్స్‌డ్ చేయాలా? ప్రెషర్ ఎక్కినప్పుడల్లా మెలకువ వస్తుంటే డాక్టర్ 95 శాతం నంబరు దగ్గర ఫిక్స్‌డ్ పెట్టి చూడమంటారు. అలా ఇబ్బందేమీ లేకపోతే కనిష్ఠం, గరిష్ఠం దగ్గర దగ్గరగా పెట్టిన ఆటో చాలు.

## 9. ర్యాంప్, ఊపిరి వదిలేటప్పటి సడలింపు

ర్యాంప్ అంటే పడుకోగానే తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా ఎక్కడం. 45 నిమిషాల ర్యాంప్ పెట్టుకుని పది నిమిషాల్లో నిద్రపోయేవాళ్లున్నారు. అంటే మొదటి అరగంట నిద్ర రక్షణ లేకుండా పోయినట్టే. ఆటో ర్యాంప్ ఉంటే అది పెట్టండి, లేకపోతే 10 నుంచి 15 నిమిషాలు. ర్యాంప్ మొదలయ్యే ప్రెషర్ కూడా 4 కాకుండా 5 లేదా 6 ఉంటే సుఖం.

ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ 1, 2 లేదా 3 తగ్గించే సౌకర్యాన్ని రెస్‌మెడ్‌లో ఈపీఆర్ అంటారు. హాయిగా ఉంటుంది కానీ, 10 పెట్టి ఈపీఆర్ 3 పెడితే ఊపిరి వదిలేటప్పుడు గొంతును పట్టుకునేది 7 మాత్రమే. ఈపీఆర్ పెట్టాక ఆప్నియాలు పెరిగితే కారణం ఇదే కావచ్చు, డాక్టర్‌కి చెప్పండి.

## 10. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మందు

పొద్దున కడుపు ఉబ్బరం, తేన్పులు. గాలి మింగుతున్నారు. గరిష్ఠం 1 తగ్గించవచ్చేమో అడగండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, రాత్రి భోజనం పడకకు రెండు మూడు గంటల ముందు ముగించండి.

నోరు పిడచకట్టడం. నోట్లోంచి లీకు. ముందు మాస్క్ మార్చండి, ఆ తర్వాతే తేమ పెంచండి.

సెంట్రల్ సంఖ్య పెరగడం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో కొందరికి మొదటి వారాల్లో వస్తుంది. చాలామందిలో రెండు మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. గంటకు 5 దాటి అలాగే ఉంటే ప్రెషర్ పెంచకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఏహెచ్ఐ బాగుంది, పగలు నిద్ర మాత్రం పోలేదు. గంటలు సరిపోతున్నాయా చూడండి. థైరాయిడ్, రక్తహీనత, రాత్రి వేసుకునే మాత్రలు కూడా కారణం కావచ్చు. లారీ, ఆటో నడిపేవాళ్లు నిద్ర మత్తు పోయేదాకా హైవే ఎక్కకండి. ఈ ఒక్కమాట మీ ఇంటివాళ్ల కోసం వినండి.

ఏహెచ్ఐ బాగుంది, కానీ ఆక్సిజన్ తగ్గుతోంది. రాత్రంతా రికార్డు చేసే ఆక్సిమీటర్ పెట్టి చూడమని డాక్టర్ చెప్పవచ్చు. ప్రెషర్ ఒక్కదానితో ఇది తీరకపోవచ్చు.

మళ్లీ గురక. లీకు లేకుండా గురక వస్తుంటే కనిష్ఠం చాలడం లేదు. మద్యం తాగిన రాత్రి, నిద్రమాత్ర వేసుకున్న రాత్రి వచ్చిన గురకను లెక్కలో వేయకండి. నిజానికి ఆ రెండూ గొంతు కండను ఇంకా వదులు చేస్తాయి, మానేయడమే మంచిది.

## 11. మన ఊళ్ల నీళ్లు, కరెంటు, దుమ్ము

తేమ ట్యాంకులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన తీరంలో బోరు నీళ్లు ఉప్పు, కనిగిరి వైపు ఫ్లోరైడు. రెండు వారాల్లో ట్యాంకు అడుగున తెల్లటి పొర కడుతుంది. మినరల్ వాటర్ క్యాను కూడా డిస్టిల్డ్ కాదు. మందుల షాపులో అడిగి తెచ్చుకోండి, మిగిలిన నీళ్లు రోజూ పారబోయండి.

రోహిణి కార్తెలో ఏసీ వేసుకుంటే ట్యూబులో నీళ్లు చేరి గలగలమంటాయి, ముఖం మీద చుక్కలు పడతాయి. తేమ ఒక మెట్టు తగ్గించండి, ట్యూబును దుప్పటి కింద పెట్టండి, మెషీన్‌ను తల కన్నా కింద, పొట్టి స్టూలు మీద ఉంచండి. మా అత్తమ్మ మొదటిరోజు ఆ ట్యూబు చూసి "ఏందమ్మా ఇది, ఏనుగు తొండం మాదిరి ఉండాది" అంది. ఇప్పుడు ఆమే రోజూ మాస్క్ మెత్త గోరువెచ్చటి నీళ్లలో కడిగి నీడన ఆరేస్తుంది.

తుఫాను రోజుల్లో కరెంటు పోతుంది. ఇన్వర్టర్ ఉంటే ప్యూర్ సైన్ వేవ్ రకం కావాలి. కరెంటు ఎక్కువగా తినేది తేమ హీటరే, దాన్ని ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. మెషీన్ ఆగిపోతే వెంటనే మాస్క్ తీసేయాలని ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఉంచండి.

దోమల చుట్ట, అగరబత్తి పొగ మెషీన్ పీల్చుకునేంత దగ్గర పెట్టొద్దు, దోమతెర కట్టుకోండి. చీమకుర్తి లాంటి గ్రానైటు దుమ్ము ఉన్న ఊళ్లలో ఫిల్టర్ వారానికోసారి తీసి చూడండి. నల్లబడితే మార్చాలి.

## 12. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి

ఒకసారి కుదిరిన నంబరు జీవితాంతం ఉండదు. కింది సందర్భాల్లో కార్డు పట్టుకుని వెళ్లండి:

- బరువు పదో వంతు పెరిగినా, తగ్గినా
- ముక్కుకో గొంతుకో ఆపరేషన్ అయితే
- గుండె జబ్బు, పక్షవాతం కొత్తగా వస్తే
- నిద్రమాత్ర, బలమైన నొప్పి మందు మొదలుపెడితే
- మాస్క్ రకం మార్చాక ఏహెచ్ఐ పెరిగితే
- ఏమీ లేకపోయినా ఏడాదికి ఒకసారి

వెళ్లేటప్పుడు సంచిలో ఉండాల్సినవి: స్లీప్ టెస్ట్ రిపోర్టు, మెమరీ కార్డు, మాస్క్, వాడుతున్న మందుల చీటీ, నోటుబుక్కు. మాస్క్ మరిచిపోకండి, డాక్టర్ గది మంచం మీదే పడుకోబెట్టి పెట్టించి చూడమని అడగండి. పక్కన పడుకునే మనిషి కూడా వెంట వెళ్లాలి. రాత్రి ఏ వేళ గురక వచ్చిందో, ఎప్పుడు ఈల వినిపించిందో చెప్పగలిగేది వాళ్లే.